ఎనిమిది సెకన్లు

చర్చి నేలమాళిగలో మడత కుర్చీలు వేశారు.
మూల బల్ల మీద పెద్ద కాఫీ పాత్ర గుడగుడమంటోంది.
పాస్టర్ డార్విల్ స్టూలెక్కి
గోడకి తెల్ల దుప్పటి కట్టాడు.
మా కెంటకీ లోయలో సినిమాహాలు మూతబడి
పంతొమ్మిదేళ్ళు.

ఇది మా సినిమా.
పోయిన ఆకురాలు కాలంలో మా వీధుల్లోనే తీశారు.
బస్సు దిగిన వాళ్ళు సీసాలోంచి బొగ్గుమసి తీసి
నటుల ముఖాలకి పూసుకున్నారు.
మాకు మాత్రం అక్కర్లేదన్నారు.

కథ చిన్నదే.
గని కూలుతుంది. లోపల పదకొండుమంది.
వాళ్ళలో దేవుణ్ణి నమ్మని ఫోర్‌మన్ ఒకడు.
నమ్మడని ఎలా తెలుస్తుందంటే
మొదటి పది నిమిషాల్లోనే తాగుతాడు,
కూతురి పుట్టినరోజు మరిచిపోతాడు,
దారినపోయే కుక్కని కసురుతాడు.
చీకట్లో మోకాళ్ళ మీద పడతాడు.
మనకంటే ముందే వయొలిన్లు ఏడుస్తాయి.
మూడో రోజు తెల్లారుతుండగా
పదకొండుమందీ నడుచుకుంటూ బయటికొస్తారు.
ఒక్కడి చేతికి మాత్రం కట్టు,
నమ్మేట్టు ఉండాలని కాబోలు.

నా పక్కన ఓర్లీన్ ముక్కు చీదింది.
ఆ ఏడుపు అబద్ధం కాదు.
కొడుకు జైల్లో ఉన్న మనిషి,
మారిన వాణ్ణి తెర మీదైనా చూసుకుంది.
ఆమెకి అందిన ఆ కాస్త రొట్టెని
రుచి లేదని లాక్కోవడానికి నేనెవర్ని?
నేనూ ఏడ్చాను, చెప్పుకుంటే సిగ్గు,
ఆ వయొలిన్లు ఏడవమన్న చోటే.

నాలుగో నంబరు గని కూలిన ఏడు
మేమూ మూడు రోజులు నిలబడ్డాం ఆ కంచె దగ్గర.
మోకాటి చిప్పలు వాచేదాకా వేడుకున్నాం.
మా తమ్ముడు వెర్నల్ చుక్క ముట్టలేదు,
ఎవరి పుట్టినరోజూ మరిచిపోలేదు,
కుక్కలు వాడి వెంట గుంపుగా వచ్చేవి.
వాణ్ణి నాలుగో రోజు పైకి తెచ్చారు.
సినిమా లెక్కలో ఒక్క రోజు ఆలస్యం.
ఆ ఒక్క రోజులో
మా ప్రార్థనకి ఏం తక్కువైందో
సినిమా చెప్పదు.
చెప్పకపోతే పోయె,
అడగను కూడా అడగదు.
అదీ నా కోపం.

అయితే ఒకటుంది, దాచుకుంటే పాపం.
గంటా పది నిమిషాల దగ్గర
కంచె పక్క జనంలో ఒకామె
అన్నం డబ్బా పట్టుకుని నిలబడుతుంది.
నటి కాదు, మా థెల్డా ముల్లెన్స్,
తన సొంత కోటులోనే వచ్చింది ఆ రోజు.
ఏమీ చెయ్యొద్దు, ఊరికే నిలబడమన్నారట.
ఊరికే నిలబడింది.
డబ్బా మూత తీసింది.
లోపలికి చూసింది.
మళ్ళీ మూసింది.

ఎనిమిది సెకన్లు. లెక్కపెట్టాను.
సంగీతం లేదు,
పెట్టడం మరిచారో, పెట్టడానికి సిగ్గుపడ్డారో.
దుప్పటి ముడత ఒకటి
సరిగ్గా ఆమె గొంతు మీదుగా పోయింది.
కుర్చీలు కిర్రుమనలేదు.
ఓర్లీన్ చేతిరుమాలు ఒళ్ళోనే ఉండిపోయింది.
ప్రభువు ఆ కంచె దగ్గరున్నాడని ఒట్టెయ్యలేను,
ఉంటే మాత్రం అక్కడే ఉండాలి.

ఆ తర్వాత మళ్ళీ ఫోర్‌మన్ ఉపన్యాసం.

దీపాలు వేశాక పాస్టర్ అట్టముక్కలు పంచాడు,
అయిదు నక్షత్రాల్లో ఎన్నో నింపమని.
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
చిన్నప్పట్నించీ వింటున్నదే,
స్నేహితుడి సమాధి ముందు ఆయన ఏడ్చాడని.
ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు.
లేపడం అందరూ తీస్తారు.
ఆ ఇంకాసేపటిని ఎవరు తీస్తారు?
అట్ట ఖాళీగానే మడిచి జేబులో పెట్టుకున్నాను.

వంటింట్లో థెల్డా కప్పులు కడుగుతోంది.
తువ్వాలు అందుకుని పక్కన నిలబడ్డాను.
"ఆ డబ్బాలో ఏం చూశావే?" అన్నాను.
చేతులకి సబ్బునురగ,
తల తిప్పలేదు.
"డబ్బా మా ఆయనదే. వాళ్ళు అందులో
ప్లాస్టిక్ ఆపిల్ ఒకటి పెట్టారు.
ఆయనకి ఆపిల్ పడదు కదా,
తీసేద్దామా అనుకున్నాను."